మొదటి ఆఫ్రికా సఫారీ, చివర్లో విక్టోరియా జలపాతం: దసరాకా, ఎండాకాలం సెలవులకా?

ప్రశ్న: హైదరాబాద్ నుంచి నలుగురం వెళ్దామనుకుంటున్నాం. మేమిద్దరం, 68 ఏళ్ల నాన్నగారు, 11 ఏళ్ల పాప. ఎవరం ఇంతకుముందు ఆఫ్రికా చూడలేదు. దసరా సెలవుల్లో పదకొండు రోజులు దొరుకుతాయి. కెన్యాలో మసాయి మారా, టాంజానియాలో సెరెంగెటి చూసుకుని విక్టోరియా ఫాల్స్‌తో ముగించాలని ఆలోచన. శాకాహారులం. ఇది కుదురుతుందా? ఏమేం చూసుకోవాలి?

జవాబు:

ముందు మ్యాపు తెరిచి నైరోబీ నుంచి విక్టోరియా ఫాల్స్‌కి ఒక గీత గీయండి. తిన్నగా గీసినా 2,000 కిలోమీటర్లు దాటుతుంది. మారా నుంచి చిన్న విమానంలో నైరోబీ రావాలి, అక్కడ ఆగాలి, ఇంకో దేశానికి ఎగరాలి, మళ్లీ ఇమిగ్రేషన్ లైన్లో నిలబడాలి. పదకొండు రోజుల్లో హైదరాబాద్ రాకపోకలకే మూడు పోతాయి. మిగిలిన ఎనిమిదిలో రెండు ఇలా ఎయిర్‌పోర్టుల్లో గడిచిపోతే పెద్దాయనకీ పాపకీ గుర్తుండేది సింహం కాదు, బోర్డింగ్ పాసు. మారా, సెరెంగెటి విడిగా వెళ్లాల్సిన ప్రయాణం. దాన్ని ఇంకో ఏడాదికి ఉంచండి.

జలపాతమే ఖాయమనుకుంటే జంతువుల కోసం దూరం పోనక్కర్లేదు. జలపాతం జాంబియా, జింబాబ్వేల సరిహద్దులో జాంబేజీ నది మీద ఉంది, పక్కనున్న జింబాబ్వే ఊరి పేరు కూడా విక్టోరియా ఫాల్సే. అక్కడికి 80 కిలోమీటర్ల దూరంలో బోట్స్వానాలోని కసానే ఊరు ఉంది, చోబే నేషనల్ పార్కు దాన్ని ఆనుకునే మొదలవుతుంది. ఇంకోవైపు 200 కిలోమీటర్లలోపు జింబాబ్వేలోకెల్లా పెద్దదైన హ్వాంగే నేషనల్ పార్కు ఉంది. దాని విస్తీర్ణం సుమారు 14,600 చదరపు కిలోమీటర్లు. ఏనుగుల సంగతికొస్తే ఈ రెండింటికీ సాటి వచ్చేవి ప్రపంచంలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మొదటిసారి వెళ్లేవాళ్లకి చోబే, హ్వాంగే, జలపాతం, ఈ మూడు చాలు. నాలుగోది కలపకండి.

ఇక అసలు చిక్కు తేదీలది. జలపాతం బాగుండే కాలమూ, జంతువులు బాగా కనిపించే కాలమూ ఒకటి కావు. దాదాపు ఎదురెదురు.

జాంబేజీ నదికి నీళ్లు వచ్చేది జాంబియా వాయవ్య ప్రాంతం నుంచి, అంగోలా ఎత్తు భూముల నుంచి. అక్కడ వానాకాలం నవంబరు నుంచి మార్చి దాకా. మహారాష్ట్రలో వాన పడితే కొన్ని రోజులకి భద్రాచలంలో గోదావరి పెరగడం మనకి తెలిసిందే. ఇక్కడ అదే పని ఇంకా నిదానంగా జరుగుతుంది. మధ్యలో బరోట్సే అనే విశాలమైన వరద మైదానం ఉంది, వచ్చిన నీళ్లు ముందు అందులో పరుచుకుని తర్వాత మెల్లగా జారతాయి. అందుకే ఫాల్స్ ఊళ్లో వానలు వెనకబట్టాక ఏప్రిల్లో జలపాతం పతాక స్థాయికి చేరుతుంది. అక్కణ్ణుంచి తగ్గుతూ తగ్గుతూ అక్టోబరు, నవంబరు నెలల్లో అడుగంటుతుంది. ఆ రోజుల్లో జాంబియా వైపు నిలబడితే చాలా మేర కనిపించేది నల్లరాతి గోడే. జింబాబ్వే వైపు డెవిల్స్ క్యాటరాక్ట్, మెయిన్ ఫాల్స్ అనే భాగాలు మాత్రం ఏడాది పొడుగునా పారుతూనే ఉంటాయి.

జంతువుల లెక్క దీనికి తిరగబడి ఉంటుంది. వానల్లో అడవి లోపల ప్రతి గుంటలోనూ నీళ్లుంటాయి కాబట్టి ఏనుగులు చెదిరిపోతాయి. గడ్డి మనిషెత్తు పెరుగుతుంది, పక్కనే సింహం పడుకున్నా కనపడదు. మే దాటాక గుంటలు ఎండటం మొదలవుతుంది. ఈ ప్రాంతమంతా కలహారి ఇసుక, పై నీళ్లు నిలవవు. రోజుకి వంద లీటర్లు దాటి తాగే జంతువుకి చోబే నదో, హ్వాంగేలో బోర్లు వేసి నింపే నీటిగుంటలో తప్ప వేరే దారి లేదు. సెప్టెంబరు, అక్టోబరులకి వచ్చేసరికి ఆ గట్ల మీద మందల మీద మందలు.

కాబట్టి దసరాకి వెళ్తే జంతువులు దండిగా, జలపాతం సగం. ఏప్రిల్లో వెళ్తే జలపాతం నిండుగా, జంతువులు పల్చగా. పైగా ఏప్రిల్లో నీటి తుంపర ఎంత లేస్తుందంటే చాలా చోట్ల ఎదురుగా తెల్లటి పొగ తప్ప జలపాతం కనపడదు. స్థానికులు దాన్ని ‘మోసి-ఓ-తున్యా’ అంటారు, ఉరిమే పొగ అని అర్థం. ఆ నెలలో పేరుకి న్యాయం జరుగుతుంది గానీ ఫొటోలకి జరగదు.

సెలవుల పట్టింపు లేనివాళ్లకి జులై, ఆగస్టు నెలలు రెండింటికీ మధ్యే మార్గం. మీకు బడి పిల్ల ఉంది కాబట్టి నా ఓటు ఎండాకాలం సెలవుల చివరి భాగానికి, అంటే మే నాలుగో వారం నుంచి జూన్ మొదటి వారం దాకా. మనకి రోళ్లు పగిలే ఎండలైతే అక్కడ చలికాలం మొదలు. వానలుండవు, దోమలు బాగా తగ్గుతాయి, పగలు 25 డిగ్రీల చుట్టూ ఉంటుంది. జలపాతంలో నీళ్లు ఇంకా దండిగా ఉంటాయి, ఏనుగులు నదికి రావడం మొదలై ఉంటుంది. లోపం లేదని కాదు. గడ్డి పూర్తిగా వాలిపోదు, హ్వాంగేలో గుంపులు అక్టోబరంత పెద్దవి ఉండవు. కానీ అక్టోబరులో ఆ లోయలో ఎండ 40 డిగ్రీల దాకా పోతుంది. పైన గుడ్డ కప్పుతో, పక్కలన్నీ తెరిచి ఉన్న బండిలో 68 ఏళ్ల మనిషిని కూర్చోబెట్టడానికి అది మంచి నెల కాదు.

దసరా తప్ప వేరే వీలు లేదంటే వెళ్లకూడదని కాదు, ప్లాను మార్చుకోవాలంతే. హ్వాంగేలో ఒక రాత్రి పెంచండి, జలపాతం దగ్గర ఒకటి తగ్గించండి. జింబాబ్వే వైపు మాత్రమే చూడండి. మధ్యాహ్నం 11 నుంచి 3 దాకా బయట ఏ పనీ పెట్టుకోకండి, గదిలో ఏసీ ఉందో లేదో ముందే అడగండి. చాలా టెంటు క్యాంపుల్లో ఉండదు.

దారి ఇలా వేసుకోండి. జొహానెస్‌బర్గ్ నుంచి కసానేకీ, విక్టోరియా ఫాల్స్‌కీ రెంటికీ విమానాలున్నాయి. ఒకదాంట్లో దిగి రెండోదాంట్లోంచి తిరిగి రావాలి. కసానేలో దిగి చోబేలో 3 రాత్రులు, సరిహద్దు దాటి హ్వాంగేలో 3 రాత్రులు, జలపాతం దగ్గర 2 లేదా 3 రాత్రులు. వెళ్లిన దారినే వెనక్కి రావడం ఉండదు, జింబాబ్వేలోకి ఒక్కసారే అడుగుపెడతారు. జలపాతం చివర్లో ఉండటానికి ఇంకో కారణం, సఫారీ రోజులు తెల్లవారుజాము 5 గంటలకి మొదలవుతాయి. ఆరు రోజులు అలా లేచాక ఒంటికి విశ్రాంతి, బట్టలకి ఉతుకు, పాపకి ఈత కొలను కావాలి. అవన్నీ దొరికే ఊరు విక్టోరియా ఫాల్స్.

కసానే నుంచి హ్వాంగేకి వెళ్లే రోజుని మాత్రం తక్కువ అంచనా వేయకండి. మ్యాపులో మూడున్నర గంటలే అనిపిస్తుంది. కజుంగుల సరిహద్దులో బండి మారాలి, రెండు దేశాల కౌంటర్ల దగ్గరా ఆగాలి. తర్వాత విక్టోరియా ఫాల్స్ మీదుగా బులవాయో రోడ్డు పట్టుకోవాలి. దారిలో హ్వాంగే పేరుతోనే బొగ్గు గనుల ఊరు ఉంది, లారీల తాకిడికి రోడ్డు గుంతలు పడి ఉంటుంది. ఉదయం 8కి బయల్దేరితే మధ్యాహ్నం 3కి క్యాంపు చేరతామనుకోండి. ఫాల్స్ ఊళ్లో భోజనానికి ఆగండి. ఆ సాయంత్రం సఫారీ ఉందనుకుని డబ్బు కట్టకండి.

విమానాల విషయంలో మీ నాన్నగారి వయసు ఒక మెలిక పెడుతుంది. ముంబై, ఢిల్లీల నుంచి ఇథియోపియా రాజధాని ఆడిస్ అబాబా మీదుగా విక్టోరియా ఫాల్స్‌కి తేలిగ్గా వెళ్లొచ్చు, చాలామంది ఆ దారే పడతారు. కానీ ఇథియోపియా ఎల్లో ఫీవర్ ఉన్న దేశాల జాబితాలో ఉంది, కెన్యా కూడా. ఎయిర్‌పోర్టు దాటకుండా మారితే మామూలుగా ఇబ్బంది రాదు. విమానం తప్పిపోయి రాత్రికి ఊళ్లో హోటల్ ఇచ్చారంటే లెక్క మారిపోతుంది. 12 గంటలు దాటి ఆగినవాళ్లని జింబాబ్వే టీకా కార్డు అడుగుతుంది. తిరుగు ప్రయాణంలో అలా జరిగితే కార్డు లేనివాళ్లని మన దేశంలో 6 రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టే అధికారం ఆరోగ్యాధికారులకి ఉంది. ఆ టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి, ఒక్కసారి వేస్తే జీవితాంతం చెల్లుతుంది. హైదరాబాద్‌లో నారాయణగూడ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. అయితే 60 దాటినవాళ్లకి మొదటిసారి వేసేటప్పుడు తీవ్రమైన దుష్ప్రభావాల ప్రమాదం కొంచెం ఎక్కువ, డాక్టరు పరీక్షించి నిర్ణయించాలి. గుడ్డు పడనివాళ్లు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. ఈ గొడవంతా లేకుండా మీ ఇంటివాళ్లకి దుబాయ్, జొహానెస్‌బర్గ్ దారి నయం. టికెట్టు ఒక్కటే ఉండాలి, లగేజీ చివరి ఊరిదాకా ట్యాగ్ అయి ఉండాలి. విడివిడిగా కొంటే జొహానెస్‌బర్గ్‌లో పెట్టెలు తీసుకోడానికి బయటికి రావాలి, దానికి దక్షిణాఫ్రికా వీసా కావాలి. పదివేలు మిగిలాయని సంబరపడి చెక్-ఇన్ కౌంటర్ దగ్గరే ఆగిపోయేది ఇలాంటి టికెట్లతోనే.

వీసాల్లో తరచూ జరిగే పొరపాటు కాజా యూనివీసా. 50 డాలర్లకి 30 రోజులు జింబాబ్వే, జాంబియాల మధ్య తిరగొచ్చు, నిజమే. బోట్స్వానాకి దాంతో పొద్దున వెళ్లి సాయంత్రం రావచ్చు, అదీ నిజమే. చోబేలో ఒక్క రాత్రి నిద్ర చేస్తే మాత్రం అది వర్తించదు. బోట్స్వానాకి మన పాస్‌పోర్టుతో ముందే ఆన్‌లైన్‌లో వీసా తీసుకోవాలి. ఆరేడు వారాల ముందు పెట్టుకోండి. మూడు దేశాల నిబంధనలూ మారుతుంటాయి కాబట్టి టికెట్టు కొనే ముందు ఆయా ప్రభుత్వ వెబ్‌సైట్లలోనే సరిచూసుకోండి, ఏజెంటు మాట సరిపోదు. పాస్‌పోర్టు 6 నెలలు చెల్లుబాటులో ఉండాలి, ఖాళీ పేజీలు ఉండాలి. పాపకి తల్లిదండ్రులిద్దరి పేర్లూ ఉన్న ఇంగ్లీషు జనన ధృవీకరణ పత్రం తీసుకెళ్లండి. మీలో ఒకరు ఆఖరి నిమిషంలో ఆగిపోతే రెండోవారి నోటరీ అంగీకార పత్రం కూడా కావాలి.

మలేరియా గురించి తేలిగ్గా మాట్లాడేవాళ్ల మాట వినకండి. మనకి మలేరియా కొత్త కాదు కదా అనుకుంటాం. అక్కడ ఎక్కువగా ఉండేది ఫాల్సిపారం రకం, మెదడుకి ఎక్కేది అదే. చలికాలంలో ముప్పు తగ్గుతుంది, పోదు. రాకుండా వేసుకునే మాత్రలు రెండు రకాలు చెప్తాను. అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ అయితే వెళ్లడానికి ఒకట్రెండు రోజుల ముందు మొదలుపెట్టి వచ్చాక 7 రోజులు వేసుకోవాలి. డాక్సీసైక్లిన్ అయితే వచ్చాక 4 వారాలు. డాక్సీతో చర్మం ఎండకి తొందరగా కములుతుంది, ఖాళీ కడుపున వేసుకుంటే గొంతులో మంట. నాన్నగారికి బీపీ, షుగరు, రక్తం పల్చబరిచే మందులు ఉంటే ఏది సరిపడుతుందో డాక్టరే చెప్పాలి. ఊరొచ్చాక బాగానే ఉన్నాం అని మధ్యలో మానేయడమే అందరూ చేసే తప్పు. వచ్చిన రెండు మూడు నెలల్లోపు జ్వరం వస్తే వైరల్ అని వదిలేయకుండా ఆఫ్రికా వెళ్లొచ్చాం అని చెప్పి ఆ రోజే రక్తపరీక్ష చేయించుకోండి. దోమల మందు రాసేటప్పుడు ముందు సన్‌స్క్రీన్, అది ఆరాక పైన దోమల మందు.

ఇప్పుడు లాడ్జి ఎంచుకోవడం. గదుల ఫొటోలు చూసి మురిసిపోకండి, అడగాల్సింది బండి గురించి. బండికి ఎంతమంది? ప్రతి వరసలో ముగ్గురిని కూర్చోబెడితే నడిమి మనిషికి ఏమీ కనపడదు, ఇద్దరే ఉండాలి. కసానేలో చౌక ప్యాకేజీల్లో తొమ్మిది, పదిమందిని ఎక్కిస్తారు. మీరు నలుగురు కాబట్టి బండి మొత్తం మీకే ఇస్తే ఎంతవుతుందో అడగండి, తేడా తలకి పంచితే ఒక్కోసారి భరించగలిగేంతే ఉంటుంది. ఈ బండ్లలో సీట్లు మెట్లు మెట్లుగా ఉంటాయి, పక్కనుంచి ఎక్కాలి. నాన్నగారిని డ్రైవరు వెనక మొదటి వరసలో కూర్చోబెట్టండి. చివరి వరస వెనక ఇరుసుకి అవతల ఉంటుంది, ప్రతి గుంతకీ నడుము ఎగిరిపడుతుంది. పైనుంచి బాగా కనిపిస్తుందని కుర్రాళ్లు అక్కడికే పోతారు, పోనివ్వండి.

రెండో ప్రశ్న, పిల్లల వయసు. నడక సఫారీలకి, కొన్ని క్యాంపుల్లో బండి సఫారీకి కూడా కనీస వయసు ఉంటుంది. 11 ఏళ్లంటే చాలాచోట్ల సరిహద్దు వయసు. బుక్ చేసేటప్పుడే పాప పుట్టినతేదీ రాతపూర్వకంగా పంపండి. మూడోది, ధరలో ఏమేం కలిసున్నాయి: పార్కు ఫీజులు, పడవ, సరిహద్దు ట్రాన్స్‌ఫర్లు. పార్కు ఫీజు విడిగా అంటే నలుగురికి రోజూ కట్టే మొత్తం తక్కువేం కాదు.

చోబేలో చూసేదంతా నది ఒడ్డునే. ఉదయం బండి, మధ్యాహ్నం 3 తర్వాత పడవ, ఈ క్రమం మార్చకండి. ఉదయం సింహాలు, చిరుతపులులు ఇంకా కదులుతూ ఉంటాయి, వాటికి బండి కావాలి. ఎండ వాలేవేళ ఏనుగులు అడవిలోంచి నదికి దిగుతాయి, వాటిని పడవలోంచి చూడాలి. నది మధ్యలో సెడుడు అనే గడ్డి దీవి ఉంది. దానికోసం బోట్స్వానా, నమీబియా అంతర్జాతీయ న్యాయస్థానం దాకా వెళ్లాయి, 1999లో బోట్స్వానాకి తీర్పొచ్చింది. ఏనుగులకి ఆ గొడవ పట్టదు. తల్లి పక్కన పిల్లని పెట్టుకుని, తొండాలు పైకెత్తి ఈదుకుంటూ ఆ దీవికి పోతాయి. అది చూడ్డానికే పడవ ఎక్కాలి. పెద్ద రెండంతస్తుల పడవ వద్దు, పది పన్నెండు మంది పట్టే చదునైనది తీసుకోండి, ఒడ్డు దగ్గరికి పోగలదు. నీటి ఏనుగులకి గైడు దూరంగా ఉంచాడంటే మంచి గైడని లెక్క. చేతులు నీళ్లలో ముంచొద్దని పాపకి ముందే చెప్పండి, మొసళ్లుంటాయి.

హ్వాంగే వేరే రకం. అక్కడ వెతుక్కుంటూ తిరగడం కంటే నీటిగుంట దగ్గర కూర్చోవడం మేలు. మెయిన్ క్యాంపు దగ్గర న్యామాండ్లోవు గుంట పక్కన మంచె ఉంది, మధ్యాహ్నం మూడింటికి ఎక్కి చీకటిపడే ముందు దాకా కదలకుండా కూర్చుంటే జిరాఫీలు, జీబ్రాలు, అడవి దున్నలు, ఏనుగులు వంతులవారీగా వస్తాయి. గంటసేపు ఏమీ రాకపోవచ్చు. పాప విసుక్కుంటుంది, బైనాక్యులర్స్ ఆమె మెడలో వేయండి, 8×42 సైజు పిల్లలకీ సరిపోతుంది. గైడుని సింహం ఏదీ, సింహం ఏదీ అని పొద్దస్తమానం అడిగితే అతను రేడియోలో విన్నచోటికి బండిని పరిగెత్తిస్తాడు, దారిలో ఉన్నవన్నీ దుమ్ములో కలుస్తాయి. వెళ్లేదారిలో డేటే దగ్గర పెయింటెడ్ డాగ్ కన్జర్వేషన్ కేంద్రం ఉంది, ఉచ్చుల్లో పడి గాయపడిన అడవి కుక్కలని అక్కడ చూసుకుంటారు. పిల్లలకి ఆ గంట బాగా గుర్తుంటుంది. అన్నట్టు, పులి గురించి అడక్కండి. ఆఫ్రికా అడవుల్లో పులి లేదు.

బండిలో లేచి నిలబడటం, అరవడం, కాలు కిందపెట్టడం నిషేధం ఎందుకంటే, జంతువు బండినీ మనుషులనీ కలిపి ఒకే ఆకారంగా చూస్తుంది. ఒకరు లేచి నిలబడగానే ఆ ఆకారం చెదిరి మనిషి విడిగా కనిపిస్తాడు. రాత్రి క్యాంపులో భోజనం నుంచి టెంటుకి కాపలా మనిషి తోడు లేకుండా వెళ్లొద్దు. కంచెలుండవు, నీటి ఏనుగులు చీకట్లో మేతకి గట్టెక్కుతాయి. టెంటు జిప్పు ఎప్పుడూ మూసే ఉండాలి.

చలి సంగతి మనవాళ్లు నమ్మరు. జూన్ తెల్లవారుజామున 5 డిగ్రీల చుట్టూ ఉంటుంది, హ్వాంగేలో కొన్ని రోజులు మంచు పేరుతుంది. తెరిచిన బండి 40 కిలోమీటర్ల వేగంతో పోతుంటే ఆ గాలికి చెవులు మొద్దుబారతాయి. నాన్నగారికి మంకీ క్యాప్, గ్లవ్స్, స్వెటర్ మీద గాలి చొరబడని జాకెట్ పెట్టండి. పదింటికల్లా అవన్నీ విప్పి పొట్టి చేతుల చొక్కాతో కూర్చుంటారు, అందుకే ఒక్క లావు కోటు కంటే పొరలు పొరలుగా వేసుకోవడం నయం. రంగులు మట్టి రంగులైతే చాలు. సైనికుల మచ్చల బట్టలు మాత్రం పొరపాటున కూడా వద్దు, ఈ మూడు దేశాల్లోనూ పౌరులు వేసుకోవడం నేరం. పాప టోపీ మీద ఆ డిజైన్ ఉన్నా తీసేయండి. డ్రోన్ ఇంట్లో వదిలేయండి. చిన్న విమానాలతో ఏ భాగమైనా కలిపితే చక్రాలు లేని మెత్తటి సంచీ ఉండాలి, 15 నుంచి 20 కిలోలే ఒప్పుకుంటారు.

తిండి దగ్గర ‘వెజిటేరియన్’ అనే ఒక్క మాట చాలదు. మాంసం ముక్క తీసేసి అదే పులుసు వడ్డించినా, చేప పెట్టినా వాళ్ల దృష్టిలో తప్పు లేదు. మాంసం, చేప, కోడి, వాటి ఉడికించిన నీళ్లు ఏవీ వద్దు, గుడ్డు కూడా తినమైతే అదీ వద్దు అని నెల ముందే ఈమెయిల్లో రాసి, వెళ్లిన రోజు వంటమనిషికి మళ్లీ చెప్పండి. మంచి క్యాంపులు చక్కగా చేసిపెడతాయి. స్థానికుల తిండి తినాలనుంటే మొక్కజొన్న పిండితో చేసే సంకటి అడగండి. జింబాబ్వేలో సడ్జా, జాంబియాలో న్షిమా అంటారు. వేలితో ముద్ద చేసి, మధ్యలో గుంట పెట్టి, ఆకుకూరలో అద్దుకుని తింటారు. రాగి సంకటి తినే ఇంట్లోవాళ్లకి ఇది నేర్పక్కర్లేదు.

ఆవకాయ, కందిపొడి, చారుపొడి పట్టుకెళ్లొచ్చు, కంపెనీ సీలున్న ప్యాకెట్లయితే నయం. బోట్స్వానా పశువుల గాలికుంటు జబ్బు గురించి చాలా పట్టుదలగా ఉంటుంది. మాంసం, పాల పదార్థాలు సరిహద్దులో తీసేసుకుంటారు, చెప్పులు మందు నీళ్లలో తొక్కిస్తారు. నెయ్యి సీసా ఇంట్లో ఉంచండి. ఏదైనా సరే టెంటులో మాత్రం దాచొద్దు, వంటింట్లో ఇచ్చేయండి. కోతులకి జిప్పు తీయడం తెలుసు. బత్తాయి, నారింజ వాసన ఏనుగులు దూరం నుంచే పట్టేస్తాయి, గుడ్డ గోడ వాటికి అడ్డం కాదు.

డబ్బు డాలర్లలో ఉండాలి, అదీ చిన్న నోట్లు. 1, 5, 10 డాలర్ల నోట్లు కలిపి ఒక రెండు మూడు వందలు ఉంచుకోండి, జింబాబ్వేలో చిల్లర దొరకడం గగనం. చిరిగినవీ, గీతలు పెట్టినవీ, మరీ పాతవీ తీసుకోరు. గైడుకి మనిషికి రోజుకి 10 డాలర్లు, క్యాంపు సిబ్బందికి అంతే మొత్తం విడిగా డబ్బాలో వేయడం మామూలు. రోడ్డు మీద లక్షల కోట్ల డాలర్ల పాత జింబాబ్వే నోట్లు అమ్ముతారు, 2008-09 నాటి ద్రవ్యోల్బణం గుర్తులు. పాపకి ఒకటి కొనివ్వొచ్చు, ఖర్చుపెట్టడానికి పనికిరాదు. చార్జర్ కోసం బ్రిటిష్ తరహా చదరపు మూడు కాళ్ల అడాప్టర్ జింబాబ్వే, జాంబియాలకి. బోట్స్వానాలో మన గీజరు ప్లగ్గులాంటి లావుపాటి మూడు కాళ్లది కూడా కనిపిస్తుంది.

జలపాతం వెడల్పు 1,708 మీటర్లు, లోతు ఎక్కువున్నచోట 108 మీటర్లు, నయాగరాకి ఇంచుమించు రెట్టింపు. నది ఒక నల్లరాతి చీలికలోకి అడ్డంగా పడుతుంది. మీరు నడిచేది ఆ చీలికకి ఎదురు గట్టు మీద, అందుకే అంత దగ్గరగా కనిపిస్తుంది. మూడొంతుల జలపాతం జింబాబ్వే వైపు నుంచే కనపడుతుంది. ప్రవేశ రుసుము విదేశీయులకి 50 డాలర్ల దాకా ఉంటుంది. బాట చదునుగా ఉంటుంది, నాన్నగారు రెండు గంటల్లో నిదానంగా నడిచేస్తారు. చివరనున్న డేంజర్ పాయింట్ దగ్గర రెయిలింగ్ లేదు, రాళ్లు జారతాయి. ఆయన్ని అక్కడికి ముందే బెంచీ మీద కూర్చోబెట్టండి. పాప చెయ్యి వదలొద్దు. జాంబియా వైపు బాయిలింగ్ పాట్ అనే సుడిగుండం దగ్గరికి దిగే మెట్ల దారి ఆయనకి వద్దు.

మే నెలలో తడవకుండా రావడం కుదరదు. గేటు దగ్గర అద్దెకిచ్చే రెయిన్‌కోట్లు మోకాళ్ల పైదాకానే కాపాడతాయి. చెప్పులు జారనివి, ఆరిపోయేవి వేసుకోండి. ఫోను జిప్‌లాక్ సంచీలో పెట్టి, పాస్‌పోర్టులు హోటల్లో వదిలి వెళ్లండి. కళ్లజోడుకి మెత్తటి గుడ్డ రెండు పెట్టుకోండి, మొదటిది పది నిమిషాల్లో తడిసిపోతుంది. ఇంద్రధనుస్సు కావాలంటే సూర్యుడు వీపు వెనక ఉండాలి. ఉదయం తూర్పు కొసన నిలబడి పడమరకి చూడండి, సాయంత్రం పడమటి కొసనుంచి తూర్పుకి. తుంపరలో ఏమీ కనపడని రోజున హెలికాప్టర్ ఒక్కటే జలపాతం మొత్తం ఆకారం చూపిస్తుంది. పావుగంటకి మనిషికి 150 నుంచి 200 డాలర్లు, నాన్నగారికి ఈ ఖర్చు దండగ కాదు. జలపాతం పక్కన రెండు దేశాలనీ కలిపే 1905 నాటి వంతెన మీదకి వెళ్లి రావడానికి జాంబియా వీసా అక్కర్లేదు, జింబాబ్వే ఇమిగ్రేషన్‌లో బ్రిడ్జి పాస్ అడిగితే చీటీ ఇస్తారు. చీకటి పడ్డాక ఊళ్లో రెండు వీధులైనా ట్యాక్సీలోనే వెళ్లండి, ఏనుగులు రోడ్ల మీదకి వస్తుంటాయి.

తేదీలు ఖాయం చేసే ముందు పంచాంగం ఒకసారి చూడండి. నీళ్లు దండిగా ఉన్న నెలల్లో పౌర్ణమికీ దానికి అటూ ఇటూ రాత్రుళ్లు పార్కుని ప్రత్యేకంగా తెరుస్తారు, రుసుము విడిగా ఉంటుంది. వెన్నెల తుంపర మీద పడి ఇంద్రధనుస్సు కడుతుంది. జలపాతం దగ్గరి మూడు రాత్రుల్లో ఒకటి పౌర్ణమి అయ్యేలా మొత్తం ప్రయాణాన్ని నాలుగైదు రోజులు ముందుకో వెనక్కో జరుపుకోవచ్చు. చంద్రుడు లేచిన గంట రెండు గంటల్లో వెళ్లండి, నడినెత్తికి వచ్చాక విల్లు కిందికి జారిపోతుంది. కంటికి అది తెల్లటి చారలాగే కనిపిస్తుంది, రంగులు కెమెరాకే తెలుస్తాయి. ట్రైపాడ్ మీద పది పదిహేను సెకన్ల ఎక్స్‌పోజర్ పెట్టి, ప్రతి ఫొటోకీ ముందు లెన్సు తుడుచుకోండి.